వంతు

భీమవరం హోటల్లో ఏసీకి చెవులు గడ్డకట్టాయి.
టై కట్టుకున్న కుర్రాడు మూడోసారి చెబుతున్నాడు:
ఏడాదికి పదివేల పాయింట్లు సార్, పాతికేళ్లు.
కొడైకెనాల్లో గది, గోవాలో గది,
వాడుకోకపోతే పై ఏడాదికి మళ్లుతాయి.

ముప్పై నాలుగేళ్లు కాలవ మీద లస్కర్ని బాబూ.
దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు
వంతులు తిప్పింది ఈ చేతులే.
కాగితం మీద మొగల్తూరు శివారుకీ వంతుండేది,
మంగళవారం రాత్రి నుంచి శుక్రవారం దాకా.
నీళ్లకి చదువు రాదు.
పైవాళ్లు తూముకి గోనె కుక్కితే
కింద చేను నెర్రెలిచ్చేది.
రైతొచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు,
తిట్టడానికి కూడా ఓపిక లేక.

"మే నెలలో గది దొరుకుతుందా?"
"సీజన్ కదా సార్, పాయింట్లు కాస్త ఎక్కువ పడతాయి."
"మెయింటెనెన్సో?"
"అది ఏటా కట్టాలి, వెళ్లినా వెళ్లకపోయినా."
నీటి తీరువా అన్నమాట.

నాగరత్తమ్మ బొమ్మల పుస్తకం మూయలేదు.
లేసు అల్లి అల్లి కాయ కాసిన వేలు
మంచు పట్టిన టీ తోటలో
అటూ ఇటూ నడుస్తోంది.
పాతికేళ్లంటే నాకు ఎనభై ఏడు.
పెన్ను మూత తీశాను.
పెట్టేశాను.

ఊరికే ఇచ్చిన కుక్కరు ఒళ్లో పెట్టుకుని
బండి వెనక కూర్చుంది.
వీరవాసరం దాటాక ఆపమంది.
కాలవ కట్టేశారు. అడుగున బురద, ఒక కొంగ.
"ఆ టీ తోటకి రైలుంటుందా?"
"కనుక్కుంటాను."
"వంతు చెప్పకు," అంది, "తేదీ చెప్పు."

పది రోజులైంది.
కుర్రాడు ఫోను చేస్తూనే ఉన్నాడు.
రైలు సంగతి
నేనింకా కనుక్కోలేదు.