కొడుకు కంటే మూడేండ్లు చిన్న

ఆదోనిలో సబ్ కలెక్టరాఫీసు గోడవార
మడత బల్లేసుకుని అర్జీలు రాస్తాను.
అర్జీకి ముప్పై రూపాయలు.
సోమవారమైతే టీ తాగే తీరిక కూడా ఉండదు.

ఈపొద్దు మూడోసారి వచ్చింది
కోసిగి ఉరుకుందమ్మ.
కొంగుముడి విప్పి
ముందు ముప్పై రూపాయలు, తర్వాత ఆధార్ కార్డు
నా బల్ల మీద పెట్టింది.

కార్డులో ఆమెకు నలభై ఆరు.
పెద్దకొడుకు ఈరన్నకు,
అదే సెంటర్లో అదే దినం తీసిన కార్డులో,
నలభై తొమ్మిది.

అయ్యా, ఈ తల్లి తన కొడుకు కంటే మూడేండ్లు చిన్న
అని రెండుసార్లు రాసినాను.
రెండుసార్లూ ఒకటే జవాబు:
వయసు రుజువు జతచేయవలెను.

"ఎప్పుడు పుట్టినావో గుర్తుందా అవ్వా?"
"గంజి కేంద్రాల కరువులో యప్పా.
మా యమ్మ ఒక చేత నన్ను, ఒక చేత ముంత పట్టుకొని
లైన్లో నిలబడిందంట.
చంటిబిడ్డ లెక్కలోకి రాదని
ఒక గరిటే పోసినారంట."

నా దగ్గర ఆ కరువు సర్టిఫికెట్ లేదు.

"బడికి పోయినావా?"
నవ్వింది. పైవరసలో రెండే పండ్లు.
ఆ రెండింటినీ జతచేయొచ్చా అని
ఒక్క క్షణం నిజంగానే ఆలోచించినాను.

ఆమె వయసు తెలిసినవాళ్లు లేక కాదు.
మేస్త్రీకి తెలుసు.
ముప్పై ఏండ్లు సుగ్గికి, గుంటూరు మిరపచేన్లకు,
ఆమెను లారీ ఎక్కించుకున్నవాడి కొడుకు
మొన్న పుష్యమాసంలో డోరు వేస్తూ అన్నాడు:
"నువ్వొద్దులే అవ్వా, నీ నడుము ఇంక వంగదు."
పత్తి మిల్లు వాచ్‌మన్‌కు తెలుసు,
గేటు కాడి నుంచే చెయ్యి ఊపినాడు.
ఉల్లిగడ్డలు కోయించుకొని
సగం కూలి చేతిలో పెట్టి
ముసలిదానికి ఇదే ఎక్కువ అన్న రైతుకూ తెలుసు.

కూలికి ముసలిది,
పింఛనుకు పడుచుది.
రేషన్ బియ్యం ఇరవై దినాలకు అయిపోతే
మిగిలిన పది దినాలు
బొరుగులు నీళ్లలో నానేసుకుంటుంది.

పోయినసారి లోపలి గుమాస్తా
(చెడ్డవాడేం కాదు, ఆమెకు కుర్చీ వేసినాడు)
"నేనేం చేసేదమ్మా, కంప్యూటర్ తీసుకోదు" అన్నాడంట.
"నన్ను చూడమను యప్పా దాన్ని,
పైన కన్నుంది కదా" అనిందంట ఈమె.

కొత్త కాగితం తీసినాను.
గౌరవనీయులైన అని మొదలుపెట్టలేదు.

"సార్, ఈమెను ఒకసారి నేల మీద కూర్చోమనండి.
లేవడానికి ఎంత సేపు పడుతుందో
మీ గోడ గడియారంలో చూడండి.
బొటనవేలు చూడండి,
ముప్పై సుగ్గుల మిరపఘాటు తిన్నాక
మీ మిషన్‌కు చిక్కే గీత ఒక్కటీ మిగల్లేదు.
అదీ చాలకపోతే మేస్త్రీని పిలిపించండి.
అతడు దేన్ని చూసి తలుపు వేసినాడో
దాన్నే చూసి మీరు తలుపు తీయండి.
ఆమె దానం అడగడం లేదు.
మీరు తిన్న కారంలో ఆమె కూలి ఇంకా బాకీ ఉంది."

చదివి వినిపించినాను.
"కారం మాట తీసెయ్యి, కోపమొస్తాది వాళ్లకు" అనింది.
తీయలేదు.
వేలిముద్ర వేసింది. గీతల్లేని నీలి మచ్చ.

ముప్పై రూపాయలు వెనక్కి జరిపినాను.
ముట్టలేదు.
"పని చేసినావు కదా, కూలి తీసుకో.
ఎగ్గొడితే ఎట్లుంటాదో నాకు తెలుసు."
జేబులో పెట్టుకున్నాను.

నూట పన్నెండో టోకెన్ పట్టుకుని
ఆఫీసు మెట్లెక్కింది.
తొమ్మిది మెట్లు.
మూడుసార్లు ఆగింది.
అది అర్జీలో రాయడం మరిచినాను.