పదిహేడు లోపు

వడ్ల కొనుగోలు సెంటర్ల పదేండ్లు తేమ చూసినదాన్ని.
కుప్ప మీది గింజ ఎప్పుడైనా ఎండినట్టే కనిపిస్తది.
మోచెయ్యి దాక జొనిపి నడిమి గింజ తియ్యాలె,
పంటికింద వెయ్యాలె.
టక్కుమంటే సరే.
మెత్తగ అణిగితే, మిషన్ల పదిహేడు దాటితే,
కాంటా ఎక్కదు తమ్మీ, మల్ల ఎండవొయ్యి అనాలె,
వాడెంత మొత్తుకున్నా.

గా కంటితోనే పోయిన,
మతి తప్పినోళ్లను అరుసుకునే ఇండ్లు చూడనీకి.

మిర్యాలగూడ బైపాస్ మీది దానికి
గేటు కాడ కాగితంపూల తీగ, లోపల ఏసీ చల్లదనం.
మేనేజరు పిలగాడు గోడమీది ఫొటోలు చూపిచ్చిండు:
రంగు టోపీలు పెట్టుకొని కేకు కోస్తున్న ముసలోళ్లు.
పై గింజ, అనుకున్న.
బాత్రూం ఏడున్నదని అడిగి
తోవ తప్పినట్టు వంటింటి దిక్కు మలిగిన.
ఆడొక అర్ర. కుర్చీల ఒకామె.
నడుము చుట్టు చున్నీ, చున్నీ కొస కుర్చీ ఎనక ముడి.
ముందట స్టీలు గిలాసల నీళ్లు,
చెయ్యి జాపితే జానెడు దూరంల.
గోర్లు చూసిన.
"పడిపోతరని, మేడమ్" అన్నడు పిలగాడు ఎనకనే వచ్చి.

మా సైదులు సంగతి చెప్పిన.
ముప్పై నాలుగేండ్లు లైన్‌మన్.
ఇప్పుడు పొద్దుగూకితే స్విచ్చులన్నీ బందు పెడ్తడు,
మంచమెక్కి నిలవడి
"ఎల్‌సీ తీసుకున్నరా?" అని ఒర్రుతడు.
కరెంటు బందు చేసినమని ఎవలో ఒకరు చెప్పాలె.
లేకుంటే తీగె ముట్టడు, కిందికీ దిగడు.
"గోలీ ఉంటది మేడమ్, వేస్తే పండుకుంటరు."
నా పంటికింద గింజ మెత్తగ అణిగింది.

నల్లగొండల, గడియారం సెంటర్ దాటినంక సందుల ఇంకొకటి.
పాత ఇల్లు, బోర్డు మీద సున్నం మరకలు.
మెట్లకు పట్టుకునే కమ్మి లేదు. రాసుకున్న.
బాత్రూంల బండ జారుతున్నది. రాసుకున్న.
రాత్రిపూట తొమ్మిది మందికి ఒక్కతే ఆయా.
రెండు నెలల జీతం బాకీ అని ఆమెనే చెప్పింది, దాచకుండ.
అదీ రాసుకున్న.
పేరు ద్వాలి. దేవరకొండ దిక్కు తండా.

నేనడిగేటియి అయిపోయినంక ఆమె మొదలువెట్టింది.
సారు ఏ పక్కకు తిరిగి పండుకుంటడు?
చాయ్‌ల చక్కెర ఎంత?
భయమైతే ఎవల పేరు తీస్తడు?
కరెంటుకు పోయినోళ్లు ఎవలన్న ఉన్నరా, ఆయన దోస్తులల్ల?

ఉన్నడు.
ఇద్దయ్య. హెల్పరు పిలగాడు, మూతిమీద ఇంకా మీసం రాలే.
వాడు స్తంభం మీదుండంగనే ఎవలో లైను ఇచ్చిండ్రు.
మా ఇంట్ల ఆ ముచ్చట మల్ల తీసినోళ్లు లేరు.
గా ఒర్రుడు పిచ్చి అనుకున్న నేను
ఇన్ని రాత్రులు.

ఏ పక్కకు పండుకుంటడో యాదికి రాలే.
నలభై ఏండ్లు పక్కల పండుకున్నదాన్ని.
ఎవలో మోచెయ్యి దాక నాలోకి చెయ్యి జొనిపి
నడిమి గింజ తీసినట్టయింది.

కమ్మి బిగిస్తేనే తెస్తనన్న.
బిగించిండ్రు, సగం పైసలు నావే.
బండ ఇప్పటికీ జారుతనే ఉన్నది.

దించి వచ్చిన నాలుగో రాత్రి, చెప్పకుండ పోయిన.
సందు మొదట్లనే బండి బందు చెయ్యమని
కిటికీ కింద నిలవడ్డ, దొంగ లెక్క.
రెండున్నరకు లోపలికెళ్లి ఆయన గొంతు:
"ఎల్‌సీ తీసుకున్నరా?"

లెక్కవెట్టిన.
ఒకటి. రెండు.
ఆరు కాడ ఎవలో దగ్గిండ్రు.
తొమ్మిది కాడ నేనే ఒర్రుదామనుకున్న.
పదకొండు.
"తీసుకున్న సారూ. లైను బందున్నది. పైలంగ దిగుండ్రి."
మంచం కిర్రుమన్నది.

పదకొండు.
పదిహేడు లోపే.

మల్లొస్త, అనుకున్న.
ఇదే యాల్లకు మాత్రం కాదు.