తేదీ లేని మెసేజ్

ఆ రాత్రి తొందరల తేదీ వెయ్యలె.
"అర్జెంట్. ఓ నెగెటివ్. పాలమూరు పెద్దాసుపత్రి.
కాన్పు కేసు, అంజిలమ్మ, కోయిలకొండ.
దయచేసి అన్ని గ్రూపులల్ల పెట్టుండ్రి."
కింద నా నంబరు.

జడ్చర్ల కాడ డీసీఎం ఆపి ఒకడొచ్చిండు.
సూదిపోటు మీద పత్తి ఒత్తుకొని
టీ అన్నా తాగకుండ పొయ్యిండు.
పేరడుగుదామంటే బండి చాలయ్యింది.

అంజిలమ్మ బతికింది.
ఆ బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడిల కూసొని
గుడ్డు పొట్టు తీసుకుంటున్నది.
మెసేజే ఇంక ఇల్లు చేరలె.

నారాయణపేట మగ్గాలోళ్ళ గ్రూపుల కెల్లి
రాయచూరు ఆటోలెక్కి,
భివండి సెంట్రింగ్ మేస్త్రీల జేబులల్ల పడి
నడిజాము నా దిండు కింద మోగుతది:
"అన్నా, బండెక్కాల్నా?"
ఒక ముసలామె అన్నది,
"నా గ్రూపేందో తెల్వదు బిడ్డా,
నెత్తురైతే ఉన్నది."

మా గ్రూపుల ఇప్పుడు కానూన్లున్నయి.
తేదీ, టైము, వార్డు నంబరు.
పొద్దుగాల గులాబీలు పెడితే శాంతకుమారి మేడం తీసేస్తది,
"పువ్వుల కింద పేషెంటు కనవడడు" అంటది.
పనైపోతే "అయిపోయింది" అని పెట్టాలె.
పెడుతనే ఉన్నం.
కావాలన్నదాన్ని వెయ్యి చేతులు దాటిస్తయి,
అయిపోయిందన్నది మా గడపల్నే పండుకుంటది.

నంబరు మారుద్దామనుకున్న ఒకపారి.
గప్పుడే మెసేజ్ తిరిగి తిరిగి
అంజిలమ్మ ఫోన్‌కే పొయ్యింది.
"ఏమన్నా, మల్ల నాకేమైంది?"
ఒకటే నవ్వు. ఎన్క బిడ్డ ఏడుపు.
ఆమె ఇచ్చిందేమో తన చెల్లె నంబరు,
"దానిదీ నా గ్రూపే, రాసుకో."

గప్పటి సంది రాసుకుంటున్న.
కరెంటు సామాను ఉద్దెర బుక్కుల
ఎన్క పేజీల కెల్లి మొదలువెట్టిన.
ఊరు, గ్రూపు, పిలిస్తే వచ్చే యాళ్ళ.
ముందటి కెల్లి బాకీలు, ఎన్క కెల్లి వీళ్ళు.
నడుమ ఇంక పన్నెండు పేజీలున్నయి.

ఇయ్యాల ఒంటిగంటకు మల్ల మోగింది.
సోలాపూర్ కెల్లి ఎవరో పిల్ల, గొంతు వణుకుతున్నది.
"అంజిలమ్మక్కకు ఇంక కావాల్నా?"
"వద్దు తల్లీ, మంచిగున్నది. నీదే ఊరు?
ఉండు, లైన్ల ఉండు,
పెన్ను రాస్తలేదు."