లేపగలిగినంత బరువు

మా బావ గుర్రప్ప అంటాడు:
"దూరం పోవాలంటే బండికి గుండె పెద్దదుండాల మ్మే.
మూడొందల యాభై సీసీ.
డుగ్గు డుగ్గుమంటా పోతాంటే లారీవోడే పక్కకు జరగాల."
బావ ఆ బండి మీద రోజూ
అప్సరా సర్కిల్ నుంచి ఏడురోడ్ల దాకా పోయొస్తాడు.

నాకు ముప్పై తొమ్మిది. ఐదడుగులకు అంగుళం తక్కువ.
పదకొండేళ్ళుగా స్కూటీ మీద ఐసుపెట్టె కట్టుకుని
కడప సందు సందునా నెత్తురు తీసుకొచ్చే పని.
చిన్నచౌకు నుంచి దేవుని కడప దాకా
నా హారన్ వింటే చక్కెర జబ్బోళ్ళు చెయ్యి చాపుతారు.
ఎవరి నరం ఎక్కడ దాక్కుంటుందో
చూడకుండానే చెప్పగలను.
పెన్న ఒక్కటే తెలీదు.

సిద్ధవటం కాడ వంతెన మీంచి చూసిన పెన్న
అంటే ఇసక.
ఆ ఇసకకు ఎదురు పోవాలని కోరిక.
చెన్నూరు, జమ్మలమడుగు, గండికోట,
తాడిపత్రి, పామిడి, పెన్నహోబిలం, పేరూరు,
ఆనక టీ అంగట్లో కన్నడం మొదలయ్యే చోటు,
ఇంకా పైన నందికొండల్లో
చెంబెడు నీళ్ళుగా పుట్టే చోటు దాకా.

షోరూం పిల్లోడు కాగితం మీద అంకెలు రాసిచ్చాడు.
పికప్పు, టార్కు, వాయిదాలు.
సీటు ఎక్కి కూర్చుంటే
నా బొటనవేళ్ళు నేలను అడిగి అడిగి వెనక్కొచ్చాయి.

బుగ్గవంక గట్టున దాదావలి షెడ్డు.
పాత బండ్లు కొంటాడు, బాగుచేస్తాడు, అమ్మేటప్పుడు దిగులుపడతాడు.
నా దగ్గర ఎంతుందని అడగలేదు.
"యాడ పడతావు?" అన్నాడు.
"పడనని మాత్రం చెప్పాకు.
ఇసకలోనా? గులకరాళ్ళ మీదా? మలుపులోనా?"
అన్నిట్లోనూ అన్నాను.

ముందు పెద్ద బండిని మెల్లగా నేలమీద పడుకోబెట్టాడు.
"లేపు."
లాగాను. అది గేదెలాగా పడుకునే ఉంది.
సాయానికి వచ్చిన పిల్లోళ్ళను కసిరాడు:
"ఏటి కాడ మీరుంటారా రా?"

తర్వాత మూల నుంచి ఒక నల్లటి చిన్నదాన్ని తెచ్చాడు.
నూటపది కిలోలు, తీగల చక్రాలు, కిక్కు కూడా ఉంది.
దాన్నీ పడుకోబెట్టాడు.
"ముందుకు లాగాకు. వీపు ఆనించు.
ఒక చెయ్యి హ్యాండిల్, ఒక చెయ్యి వెనక కడ్డీ.
ఇప్పుడు మోకాళ్ళతో లెయ్."
నేను లేచాను.
నాతో పాటు అదీ లేచింది.

"యాభై దాటితే ఏడుస్తాది.
ఏడిపించాకు.
గంటకోసారి నువ్వు దిగు, దాన్నీ రొంత చల్లారనీ.
చైనుకు నూనె మర్చిపోతే నన్ను తిట్టుకుంటావు.
ట్యూబు టైర్లు గదా, యా పల్లెలోనైనా
పంచరేసేవాడొకడు చెట్టు కింద కూర్చోనుంటాడు."

బావ చూసి నవ్వాడు, "పాలోళ్ళ బండి!"
అవును బావా.
పాలాయన రోజూ పోతాడు.
రోజూ తిరిగొస్తాడు.

మొదటి ఆదివారం గువ్వలచెరువు ఘాటెక్కాను, రెండో గేరులో,
లారీలన్నీ నన్ను దాటిపోతుంటే.
ఒక క్లీనరబ్బాయి డోరులోంచి చెయ్యూపాడు.
చెయ్యి తీసే ధైర్యం లేక తలూపాను.
పైన కాగితంలో పాలకోవా.
సగం తినేలోగా ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లబడింది,
ఎండలో పెంకులు సర్దుకున్నట్టు.

దిగేటప్పుడు పడ్డాను.
మలుపులో కాదు. ఆపుదామని రోడ్డు పక్కకు జరిగి,
గులకలో కాలు జారి, ఏ వేగమూ లేకుండా,
పెళ్ళిలో నిద్రొచ్చిన ముసలామెలాగా పక్కకు ఒరిగాను.
దూరంగా మేకలాయన చూశాడు.
నేను వీపు తిప్పడం చూసి
తన దోవన తను పోయాడు.

మోచెయ్యి గీసుకుంది. నెత్తురు, రెండు చుక్కలు.
ఈసారి ఎవరి పేరూ రాయక్కర్లేదు దాని మీద.
కుడి అద్దం మాత్రం వంగింది.
ఎంత తిప్పినా సరిగ్గా రాలేదు.
కడప దాకా అందులో
వెనకొచ్చే బండ్ల బదులు
ఆకాశం కనపడుతూనే ఉంది.