పుట్టీ ఆరేదాకా

(న్యూరీ, ఉత్తర ఐర్లండ్)

వంటింటి కిటికీ అద్దం పగిలిందని
కబురు చేస్తే వచ్చాడు మెర్విన్ గాల్ట్.
ఈ ఊళ్లో అద్దాలు బిగించే చేతులు
ఇంకా రెండే మిగిలాయి, రెండూ అతనివే.
బాంబు పేలిన ప్రతి తెల్లారీ
ఆ చేతులకు పని దొరికేది.
మా కతోలిక గుడికీ, వాళ్ల ప్రెస్బిటేరియన్ చర్చికీ
ఒకటే ధర.

చట్రంలో పాత పుట్టీని ఉలితో గీకుతూ
నా వైపు తిరక్కుండానే అన్నాడు:
"డింప్నా, ఆ రాత్రి వాళ్లకు మీ ఇల్లు చెప్పింది నేనే.
ఆకుపచ్చ తలుపు, అన్నాను. అంతే."

కెటిల్ ఈల వేసింది. ఆపలేదు.

ఆకుపచ్చ తలుపు.
ఆ రంగు వేసింది మా తమ్ముడు మాలకీ,
ఆదివారం పూజ ఎగ్గొట్టి,
గడ్డానికి రంగు చుక్కతో నవ్వుతూ.
పందొమ్మిదేళ్లు వాడికి.

మర్నాడు ఇదే కిటికీకి అద్దం బిగించిందీ ఇతనే.
పదకొండు పౌండ్లు.
అమ్మ లెక్కపెట్టి ఇచ్చింది,
"పాపం, పెందలాడే వచ్చావు, చిల్లర ఉంచుకో" అంది.
ఉంచుకున్నాడు.

నలభై ఆరేళ్లు, వారం వారం, మోకాళ్ల మీద
క్షమించానని దేవుడితో చెప్పాను.
ముఖం లేనివాణ్ణి క్షమించడం ఎంత తేలిక!
ఇప్పుడు వాడికి ముఖముంది,
ముక్కు మీదికి జారిన కళ్లజోడుంది,
గాజుపెంకు కోసిన బొటనవేలుంది.

"నెత్తురు" అన్నాను. ఇంకో మాట రాలేదు.
గుడ్డ పేలిక ఇచ్చాను.
కట్టలేదు. ఇచ్చాను, అంతే.

"ప్రార్థన చేద్దామా" అన్నాడు, బడిపిల్లాడిలా.
తిట్టాలనిపించింది. ఎందుకో లేచి నిలబడ్డాను.
ఇద్దరికీ నోటికొచ్చింది ఒకటే, ప్రభువు నేర్పింది.
ఋణాల మాట దగ్గర నా గొంతు పూడుకుపోయింది,
అక్కడ అతనొక్కడే దాటాడు.
కీడు నుంచి తప్పించమని అడిగి నేను ఆగాను.
మావాళ్లం అక్కడే ఆగుతాం.
వాళ్లకింకో వరస ఉంది, రాజ్యమూ బలమూ మహిమా అంటూ.
అందులో సగం దూరం వెళ్లి
పక్కన నేను లేనని తెలిసి ఆగిపోయాడు.

ఈల ఈలగానే ఉంది.
"కానీ. ముగించు" అన్నాను.

డబ్బు వద్దన్నాడు. మొత్తం బల్ల మీద పెట్టాను.
"ఇది అద్దానికి."
మిగతా బాకీ సంగతి నాకింకా తెలీదు.
"పుట్టీ ఆరడానికి వారాలు పడుతుంది,
వేలు పెట్టకు" అని చెప్పి మెట్లు దిగాడు.

రాత్రి దీపం ఆర్పబోతూ చూశాను:
అద్దం అంచున, ఆ మెత్తదనంలో,
అతని రెండో బొటనవేలి ముద్ర.
నా వేలు దానిదాకా వెళ్లింది.