సీసా మీద పేరు

ఊరి పేరు మాలిక.
నా చెవికది పూలదండ.
డకార్ నుంచి వచ్చే లారీలకు మాత్రం
బరువు దించుకునే చోటు.

అక్కడొకప్పుడు చెరువుండేదట.
నొగాయ్ పెళ్ళై వచ్చిన ఏడాది, వానల్లో,
మోకాలి లోతున నిలబడి చాపలు ఉతికిందట.
ఇప్పుడా మోకాళ్ళకి నొప్పులొచ్చాయి,
చెరువుకి ఎత్తొచ్చింది.
ఎంత ఎత్తంటే
ఆ వీధికి పొద్దు అరగంట ఆలస్యంగా పొడుస్తుంది.

గడియారం అక్కర్లేదు వాళ్ళకి.
మొదటి లారీ మోతకి నమాజుకి లేస్తారు,
గాలి మళ్ళగానే కిటికీలు మూస్తారు.
మూసినా వస్తుంది పొగ
అద్దె కట్టిన మనిషిలా, హక్కుగా.
అన్నంలో చేప కంటే ముందు అదే తగులుతుంది నాలుకకి.
మనవల దగ్గుని బట్టి
ఏ మూల ఏం కాలుతోందో చెప్పేస్తుంది నొగాయ్:
ఇది టైరు.
ఇది కరెంటు తీగల తొడుగు.
ఇదేదో, పాపం, ఆసుపత్రిది.

ఇంటి వెనక నాలుగు మళ్ళున్నాయామెకి.
పుదీనా, ఎర్రగోంగూర.
గోంగూర బాగానే కాస్తుంది. మరీ బాగా.
సంతలో ఎవరైనా "ఎక్కడిది?" అంటే
పక్క ఊరి పేరు చెబుతుంది.
చెప్పాక ఆ పూట ఇంకెవరితోనూ మాట్లాడదు.

మొన్న బక్రీదుకి పొట్టేలుని కోస్తే
కడుపులో తలకాయంత ఉండ.
విప్పితే ఒకదాన్లో ఒకటి సంచులు,
ఒకదాని మీద బంగారు రంగు అక్షరాలు
ఏదో మిఠాయి దుకాణానివి, ఇంకా చెరగలేదు.
పిల్లలు పగలబడి నవ్వారు.
ఆమె పెనిమిటి దావుదా
కడిగిన కత్తినే మళ్ళీ కడుగుతూ
చాలాసేపు కూర్చున్నాడు.

బావినీళ్ళు పసుప్పచ్చన.
తెల్లగుడ్డ ముంచితే టీ రంగు.
అడిగితే మాత్రం "మా బావి అలాంటిది కాదు" అంటారు ప్రతి ఇంటివాళ్ళూ,
ఇంట్లో క్షయ ఉందా అని అడిగినట్టు.

కిందటేడు ఒక కుర్రాడొచ్చాడు, చేతులకి తొడుగులతో.
మర్యాదస్తుడే.
చిన్న గాజుసీసాలో నీళ్ళు పట్టి
పేరడిగి, అక్షరం అక్షరం రాసి అంటించాడు:
నొగాయ్ సెక్, మూడో బావి.
పదిహేను రోజుల్లో ఫలితం వస్తుందమ్మా, అన్నాడు.
చక్కెర ఎక్కువేసి టీ ఇచ్చిందామె,
కొనుక్కొచ్చిన నీళ్ళతో.

పదిహేను రోజులు.
వానలు.
పుచ్చకాయలొచ్చి పోయాయి.

కొడుకు బిరాహిం పని చేసేది ఆ కొండ మీదే.
చేతిలో ఇనప కొక్కెం, కాళ్ళకి జత కలవని బూట్లు.
కొండ మూసేస్తారన్న పుకారు లేచినప్పుడల్లా
తల్లి "మంచిదే" అంటుంది,
కొడుకు ఏమీ అనడు.
ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటారు.
ఆ పళ్ళెం కూడా కొండ ఇచ్చిందే.

ఓ సాయంత్రం అతను
జేబులోంచి తీసి గడప మీద పెట్టాడు.
చిన్న గాజుసీసా.
మూత ఎవరూ తియ్యలేదు, సీలు అలాగే ఉంది.
నీళ్ళూ అలాగే, అడుగున కాస్త మడ్డి.
ఆఫీసు కాగితాల మధ్య దొరికిందన్నాడు.
చీటీ ఓ మూల చిరిగింది.
నొగాయ్‌కి చదువు రాదు.
అతనే చదివి వినిపించాడు, అక్షరం అక్షరం.

"అయితే ఫలితం వచ్చిందన్నమాట" అన్నాడు దావుదా.
ఎవరూ నవ్వలేదు.
కాసేపాగి ఆమే నవ్వింది,
దగ్గు తెరలు కట్టేదాకా.

పారబోద్దామంటే ఎక్కడ?
బావిలోనా, మళ్ళలోనా, వీధిలోనా?
ఎక్కడ పోసినా
దారి తెలిసిన నీళ్ళు కదా.

ఆ రాత్రి గాలి మళ్ళింది.
ఎప్పుడూ సరిగ్గా పడని కిటికీ రెక్కకి
ఆ సీసానే అడ్డు పెట్టింది నొగాయ్,
పేరున్న వైపు
బయటికి తిప్పి.