సింకు కింద

పుళియంతోపులో నీళ్ల లారీ హారన్ మోగితే
నిద్రలోనే బిందె వెతుక్కునే చెయ్యి నాది.
ముప్పై ఏళ్లుగా నీళ్లు నాకు
బిందె మూతి వైపు నుంచే తెలుసు.
ఎక్కణ్ణుంచి వస్తాయో, కడిగాక ఎటు పోతాయో
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తొంభై రోజుల ట్రైనింగు.
కార్పొరేషన్ బడి మేడ మీద పద్దెనిమిది మందిమి,
పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక
పక్కకి తిరిగి కూర్చున్నాం.
మాస్టారు తమిళంలో చెబుతాడు, పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది,
నేను తెలుగులో అర్థం చేసుకుంటాను.
ఎల్బో అంటే మోచెయ్యి.
నిపుల్ అంటే...
చెప్పబోయి ఆయన బోర్డు వైపు తిరిగిపోయాడు.
మేం నవ్విన నవ్వుకి కింద మూడో తరగతి పాఠం ఆగింది.

మర మీద తెల్ల టేపు కుడివైపుకే చుట్టాలి.
ఎడమకి చుట్టి నాలుగుసార్లు తడిసి ఇంటికెళ్లాను.
"ఏందే, సముద్రంలో పడ్డావా?" అంది అత్త.
ఈ చదువు వల్ల రెండిళ్ల పాచిపని పోయింది.
ఆ డబ్బు లెక్క
రాత్రిళ్లు నేనూ గోడా చెప్పుకునేవాళ్లం.

సర్టిఫికెట్టులో పెంచలరత్నం కాస్తా
పంచలరత్నం అయింది.
దిద్దించాలంటే రెండు బస్సులు మారాలి.
బియ్యం డబ్బా వెనక అలాగే నిలబెట్టాను.

మొదటి పిలుపు కీల్పాక్ నుంచి. మూడో అంతస్తు.
తలుపు తీసినావిడ నన్ను దాటి మెట్ల కేసి చూసింది,
మగమనిషి ఎక్కొస్తున్నాడేమోనని.
"నేనేనమ్మా" అని రెంచి చూపించాను.

పదకొండేళ్లు ఇలాంటి సింకుల పైన గిన్నెలు తోమాను.
కింద ఇంత చీకటుంటుందని తెలీదు.
వంపు గొట్టం విప్పి బక్కెట్లో బోర్లించాను.
మెతుకులు, కాఫీ పిప్పి, జిడ్డు,
జిడ్డులో
ఎర్రరాయి కమ్మ ఒకటి.

"ఇది... రెండేళ్ల కింద పోయింది..."
ఆవిడ అక్కడే ఆగిపోయింది.
"అప్పుడు పనిలో ఎవరమ్మా?"
"అంజలై అని.
మానిపించేశాం."

నేనేమీ అనలేదు.
గొట్టం కడిగాను. టేపు కుడివైపుకే చుట్టి బిగించాను.
కుళాయి తిప్పితే చుక్క కారలేదు.
నాలుగొందల యాభై.
రసీదు పుస్తకం ఆవిడ చేతికే ఇచ్చి,
"దీని వెనక ఆ అంజలై నెంబరు రాయండి" అన్నాను.
ఫోన్లో చాలాసేపు వెతికింది.
రాసింది.

మెట్ల మలుపులో నిలబడి చేశాను.
మోగుతోంది.
ముందు ఏం చెప్పాలి, కమ్మ దొరికిందనా,
సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతుందనా?
మోగుతోంది.
సంచి బరువు
ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.